సిమెంటుకు రాతి వేషం

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బెల్‌ఫౌంటెన్ అని ఓ చిన్న ఊరుంది. అక్కడి వీధిలో కాంక్రీటు పోస్తానని జార్జ్ బార్తొలోమ్యూ ముందుకొచ్చినప్పుడు ఊరి పెద్దలకు నమ్మకం కుదరలేదు. సరుకు ఉచితంగా ఇవ్వాలన్నారు, అయిదేళ్లు చెక్కుచెదరదని 5,000 డాలర్ల పూచీ కట్టమన్నారు. అన్నిటికీ సరేనన్నాడు. 1891లో మెయిన్ స్ట్రీట్‌లో ఎనిమిదడుగుల వెడల్పున ఓ పట్టీ పడింది. 1893లో కోర్టు అవెన్యూ మొత్తం పడింది, ఇప్పటికీ ఉంది. అప్పటి బళ్లు గుర్రాలవి కదా, నున్నటి సిమెంటు మీద డెక్కలు జారతాయని పై పొరలో గాళ్లు గీశారు. అందం ఎవరికీ తట్టలేదు. అయినా ఇవాళ విల్లాల ముందు కార్లు ఆగే రాతి డిజైను వాకిళ్లకు ఆ గాళ్లతో దూరపు చుట్టరికం ఉంది.

కాంక్రీటు గట్టిదే, కానీ చూపుకు బోడి. ఆ బోడితనం కప్పడానికి ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. వాషింగ్టన్‌లో మెరిడియన్ హిల్ పార్కు గోడలకు జాన్ ఎర్లీ కాంక్రీటు పూర్తిగా బిగియక ముందే పలకలు విప్పించి, తీగ బ్రష్షుతో పైనున్న సిమెంటును గీకించి లోపలి గులకరాళ్లను బయటపెట్టాడు. లాస్ ఏంజెలెస్‌లో 1915లో మొదలైన స్కోఫీల్డ్ కంపెనీ, తడి కాంక్రీటు మీద చల్లి తాపీతో రుద్దే రంగు పొడులకు పేరు తెచ్చుకుంది. మన పాత ఇళ్లలో ఎర్రగా మెరిసే రెడ్ ఆక్సైడ్ గచ్చు చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. అక్కడా ఇక్కడా రంగు ఐరన్ ఆక్సైడ్‌ది, నునుపు మేస్త్రీ మణికట్టుది.

ఈ సోకును ఇంటి గేటు దాకా తెచ్చినవాడు బ్రాడ్ బోమన్. 1950లలో కాలిఫోర్నియాలోని మాంటెరే ప్రాంతంలో కాంట్రాక్టరు. తడి కాంక్రీటు మీద రాతి గళ్లు నొక్కాలన్నది ఆయన ఆలోచన. మొదట ఒక్కో గడీ నొక్కేవాడు. తర్వాత ఒకేసారి నాలుగైదు గళ్లు పడేలా చట్రాలు చేశాడు. ముందు చెక్కతో, ఆపైన రేకుతో, చివరికి అల్యూమినియంతో. చట్రమెక్కి నిలబడితే చాలు, మనిషి బరువుకే అచ్చు పడేది. ఈ పద్ధతికి పడ్డ బోమనైట్ అన్న పేరు ఆయన పేరులోంచి పుట్టిందే. కాకపోతే ఆ చట్రాలు గీతలు మాత్రమే వేసేవి, గళ్ల మధ్య మళ్లీ నున్నటి సిమెంటే. 1970ల చివర్లో జాన్ నాస్విక్ తేలికపాటి పాలీయురెథేన్ అచ్చులు పోయడం మొదలుపెట్టాక ఆ లోటు తీరింది. అసలు రాయి మీదే అచ్చు తీస్తారు కాబట్టి దాని గరుకు, పెచ్చులు, సన్న పగుళ్లు కూడా సిమెంటు మీదికి దిగిపోతాయి.

పని చేసేటప్పుడు చూస్తే తెలుస్తుంది, ఇదంతా గడియారంతో పోటీ. కాంక్రీటు పోసి, సమం చేసి, పైన తేలిన నీరు ఇంకేదాకా ఆగాలి. ఆ తర్వాత రంగు పొడి రెండు విడతలుగా చల్లి రుద్దాలి. అచ్చు అంటుకోకుండా మరో పొడి చల్లుతారు. గళ్ల సందుల్లో మిగిలిపోయి పాతరాతి ఛాయనిచ్చేది అదే, గాలి వీస్తే పక్కింటి కారు మీద వాలేదీ అదే. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి తడి అంటకూడదు. అప్పుడు అచ్చు వెయ్యాలి. మన ఎండల్లో ఆ అదను గంట కూడా నిలవదు. పాల మీద మీగడలా పై పొర ఎండి, కింద మెత్తగానే ఉంటుంది. అప్పుడు అచ్చు నొక్కితే గీతల అంచుల వెంట జుట్టంత పగుళ్లు పాకుతాయి. కాంక్రీటు గట్టిపడుతోందని పనివాళ్లు మళ్లీ నీళ్లు కలపబోతారు. ఒప్పుకోవద్దు. సిమెంటుకు నీటి పాలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని షికాగోలో డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే తేల్చాడు. ఎండాకాలమైతే తెల్లవారుజామునే మొదలుపెట్టడం, ఎక్కువమందిని పెట్టుకోవడం మేలు.

డిజైను పుస్తకం ముందేసుకుని కూర్చునే ముందు నేల సంగతి చూడాలి. కింద గ్రావెల్ పరిచి దిమ్మిసతో గట్టిగా కొట్టించాలి. కార్లకు నాలుగంగుళాల మందం సరిపోతుంది, బరువు బళ్లు వస్తాయంటే ఇంకా పెంచాలి. ఇంటి నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం వాటం ఇస్తే ఇరవై అడుగుల వాకిలి గేటు దగ్గరికి వచ్చేసరికి అయిదంగుళాలు దిగుతుంది. ఇంటి గోడకు తగిలేచోట విడిగా ఖాళీ వదలాలి. నాలుగంగుళాల స్లాబుకు ఎనిమిది నుంచి పదడుగులకో జాయింటు, అంగుళం లోతున. కాంక్రీటు ఎలాగూ చీలుతుంది, ఎక్కడ చీలాలో ముందే మనం చెబుతున్నామంతే. ఆ జాయింటు రాతి గీతతో కలిసేలా కాగితం మీదే గీయించుకోవాలి. లేకపోతే చక్కటి బండ నడుమ రంపపు కోత పడుతుంది. చెక్క పలకల అచ్చు మాత్రం నాకు మింగుడుపడదు. కారు ఎక్కే చోట కలప ఏమిటి?

తాండూరు, బేతంచెర్ల బండలు ఇంత దగ్గర దొరుకుతుండగా ఈ నకలెందుకనే ప్రశ్న సబబే. కాళ్ల కింద పరచడానికి నా ఓటు అసలు రాతికే. కానీ పల్చటి బండ కింద ఎక్కడైనా బోలు మిగిలితే చక్రం ఎక్కగానే విరుగుతుంది, సందుల్లో గడ్డి మొలుస్తుంది. ఒకే పోతగా పడ్డ స్లాబుకు ఆ రెండు బెడదలూ లేవు.

క్యూరింగ్ దగ్గర మన అలవాటు ఎదురు తిరుగుతుంది. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపడం మనకు అలవాటు. రంగు వాకిలి మీద అలా చేస్తే తెల్లటి ఉప్పు చారలు తేలతాయి. క్యూరింగ్ ద్రావణం కొట్టి వదిలెయ్యాలి. వారం దాటేదాకా కారు ఎక్కించకూడదు. పైన కొట్టే యాక్రిలిక్ సీలర్ పల్చగా రెండు పూతలు చాలు. మెరుపు కోసం దట్టంగా పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పొర పాలిపోతుంది, వానకు కాలు జారుతుంది. సీలర్లో గరుకు పొడి కలపమని అడగండి. రాలిన ఆకులు, ఇంజనాయిల్ చుక్కలు ఎప్పటికప్పుడు తీసేయాలి. రెండు మూడేళ్లకోసారి మళ్లీ పూత పడాలి. అవసరమో కాదో తేల్చుకోవడానికి చెంబెడు నీళ్లు పోసి చూడండి. ముత్యాల్లా నిలిస్తే ఈ ఏడు డబ్బు మిగిలినట్టే. ఇంకి, ఆ చోటు నల్లబడితే వానలకు ముందే పూత వేయించుకోవాలి.