పాత లెక్కలు ఎవరి కోసం?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని కార్యదర్శి గారు అడిగితే, జీతాల లెక్కల చరిత్ర రాస్తానన్నాను. "లెక్కల్లో చరిత్ర ఏముందండీ?" అని ఆయన నవ్వారు. 2023లో మనలో చాలామంది పాత జీతాల వివరాల కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు తలుచుకుంటే ఉందో లేదో సభ్యులకే తెలుస్తుంది. ఆ సంగతిలో నా తప్పు కూడా కొంత ఉంది. దాన్నీ చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను 1974లో మన సంస్థ పంచింగ్ సెక్షన్‌లో చేరాను. అప్పటికి జీతాల లెక్క కార్డుల మీద నడిచేది. కార్డుల మీద రంధ్రాలు పొడిచి మెషీనుతో లెక్కించే పద్ధతిని హెర్మన్ హాలరిత్ అనే ఆయన అమెరికాలో 1890 జనాభా లెక్కలకు వాడుకలోకి తెచ్చాడు. మేము వాడిన 80 గళ్ల కార్డును ఐ.బి.ఎం. కంపెనీ 1928లో తెచ్చింది. మొదటి గళ్లలో ఉద్యోగి నంబరు, తరువాత మూల వేతనం, ఆ తరువాత కరువు భత్యం. ఏ గడిలో ఏముందో మాకు కంఠోపాఠం. మా మెషీను కార్డు పై అంచున అదే సంగతి అచ్చు కూడా వేసేది. కరెంటు పోయినా కిటికీ దగ్గర నిలబడి ఫలానా వారి జీతం ఎంతో చదివి చెప్పగలిగేవాళ్లం. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

ఆ రోజుల్లో పెద్ద ఆఫీసుల్లో పేరు మోసిన కంప్యూటరు ఐ.బి.ఎం. 1401. 1959లో ప్రకటించిన ఆ యంత్రానికి జ్ఞాపకశక్తి ఎంత పెంచినా 16 వేల అక్షరాలే. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వ్యాసం పెడితే చాలావరకు నిండిపోతుంది! మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. కూడా త్వరలోనే స్వదేశీ కంప్యూటర్లు తయారుచేసింది. 1978లో ఐ.బి.ఎం. మన దేశం వదిలి వెళ్లాక, ఆ యంత్రాల మరమ్మతు బాధ్యత ప్రభుత్వ సంస్థ అయిన సి.ఎం.సి. తీసుకుంది. ఆ మార్పులన్నీ చూసిన వారు మన సంఘంలో ఇంకా ఉన్నారు.

కార్డులు పోయి టేపులు వచ్చాయి. 2400 అడుగుల రీలు ఒకటి పెడితే బీరువాడు కార్డులు అందులో ఇమిడిపోయేవి. అందరం సంతోషించాం. అయితే అప్పుడు మాకు తోచని సంగతి ఒకటుంది. కార్డును కంటితో చదవవచ్చు. టేపును చదవాలంటే ముందు ఆ రకం యంత్రం ఉండాలి. యంత్రం ఉన్నా, లోపలి అమరిక తెలియాలి. కోబాల్ భాషలో రాసిన జీతాల ప్రోగ్రాములు చోటు కలిసి రావడానికి ఒక్కో అక్షరం పట్టే చోట రెండేసి అంకెలు కుక్కి పెట్టేవి. దాన్ని ప్యాక్డ్ డెసిమల్ అంటారు. ఏ అంకె ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే పట్టిక, అంటే రికార్డు లేఅవుట్, లేకపోతే ఆ ఫైలు తెరిచిన వారికి పిచ్చి గీతలు తప్ప ఏమీ కనిపించవు.

ఇక్కడ మన పూర్వుల పని ఒకటి గుర్తు చేసుకోవాలి. తాళ్లపాక వారి సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచారు. శతాబ్దాల తరువాత, ఇరవయ్యో శతాబ్దంలో వాటిని బయటికి తీసినప్పుడు తెలుగు లిపి తెలిసిన పండితులు కూర్చుని చదివి అచ్చు వేయించగలిగారు. చెక్కిన పనిముట్టు వారికి అక్కరలేదు. మన టేపులకు పదేళ్లకే ఆ భాగ్యం లేకపోయింది.

ఇక ఇ.ఆర్.పి. సంగతి. 1972లో జర్మనీలో ఐ.బి.ఎం. నుంచి బయటికి వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు ఎస్.ఎ.పి. అనే కంపెనీ పెట్టారు. జీతాలకొకటి, స్టోర్సుకొకటి, ఖాతాలకొకటి అని విడివిడి ప్రోగ్రాములు కాకుండా, ఒక చోట పడిన లెక్క అన్ని శాఖలకూ అప్పటికప్పుడే చేరాలన్నది వారి ఆలోచన. 1992లో వచ్చిన వారి ఆర్/3తో ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. అలాంటివే మరికొన్ని కంపెనీలు కూడా తయారుచేశాయి. మన సంస్థ ఎవరిది కొన్నదన్నది ఇక్కడ ముఖ్యం కాదు.

అన్నీ ఒకే చోట చేరితే ఆ చోటు నిండుతుంది. పదేళ్ల కిందటి ఇన్వాయిసులు, తీరిపోయిన ఆర్డర్లు, పాత జీతాల పట్టికలు నేటి లెక్కలతో పాటే కూర్చుంటే వెతకడం ఆలస్యమవుతుంది. రాత్రి బ్యాకప్ తెల్లవారినా పూర్తి కాదు. అందుకే పాతవాటిని తీసి వేరే భద్రపరిచే పద్ధతి, ఆర్కైవింగ్, పుట్టింది. దీనికీ బ్యాకప్‌కూ తేడా చాలామందికి తెలియదు, ఆఫీసర్లకు కూడా. బ్యాకప్ అంటే ఇంటి తాళానికి రెండో తాళంచెవి లాంటిది. ఇవాళ్టిది పోతే రేపు పనికొస్తుంది. ఆర్కైవు అంటే ఇంటి దస్తావేజు. రోజూ తియ్యరు, కానీ మనుమడి కాలంలో కూడా చదవగలిగేలా ఉండాలి.

ఎస్.ఎ.పి. వారు దీనికి పెట్టిన క్రమం చూస్తే పాత హెడ్ గుమాస్తాలు మెచ్చుకుంటారు. ముందు ఆ లెక్క పూర్తిగా ముగిసిందా అని చూస్తారు. బాకీ ఇంకా తీరని బిల్లును కదలనివ్వరు. ఒక బిల్లుకు సంబంధించిన వివరాలు పది పట్టికల్లో చెదిరి ఉన్నా, అన్నిటినీ ఒక కట్టగా కట్టి ఫైలులో రాస్తారు. రాసిన ఫైలును తిరిగి చదివి, సరిగా ఉందని తేలాకే అసలు చోటి నుంచి తొలగిస్తారు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఏ గడిలో ఏముందో చెప్పే వివరం కూడా ఆ ఫైలులోనే చేరుస్తారు. రేపు పట్టికల రూపం మారినా పాత కట్టను విప్పి చదవడానికి ఆ వివరమే ఆధారం. మేము నోటు పుస్తకంలో రాసుకున్న లేఅవుట్‌ను వారు కట్టలోనే పెట్టి కట్టారన్నమాట.

ఇప్పుడు నా సంగతికి వస్తాను. 2004లో మన సంస్థలో ఇ.ఆర్.పి. పెట్టినప్పుడు పాత లెక్కల్లో ఏది తీసుకెళ్లాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను. పాతవన్నీ ఎక్కించాలంటే ఖర్చు, సమయం రెండూ ఎక్కువ. "ఖాతా పుస్తకాలు ఎనిమిదేళ్లు ఉంచాలని కదా చట్టం, పాత కంప్యూటరు ఎలాగూ మూల ఉంటుంది, అవసరమైతే చూసుకోవచ్చు" అన్నారు ఒకరు. ఆ ఎనిమిదేళ్ల గడువు 1956 కంపెనీల చట్టంలో ఉన్నమాట నిజమే, 2013 చట్టంలోనూ ఉంది. ప్రారంభ నిల్వలు మాత్రం కొత్తదానిలో ఎక్కించి, పాత జీతాల వివరాలు ఏడాదికొకటి చొప్పున చిన్న టేపు క్యాసెట్ల మీద తీసి అల్మారాలో పెట్టాలని తీర్మానం రాశాం. నేనూ సంతకం పెట్టాను. ఎనిమిదేళ్లన్నది కంపెనీ లెక్కకు పెట్టిన గడువు. మనిషి సర్వీసు ముప్పై ఐదేళ్లు, ఆపైన పెన్షను ఇంకో ఇరవై ఏళ్లు. ఆ తేడా ఆ రోజు మా ఎవరికీ తట్టలేదు.

2009లో పాత కంప్యూటరును తుక్కు కింద వేలం వేశారు. 2010లో నేను రిటైరయ్యాను. లేఅవుట్ల నోటు పుస్తకం అప్పగించి రసీదు తీసుకున్నాను.

2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఉద్యోగుల పింఛను పథకం మీద తీర్పు ఇచ్చింది. 2014 సెప్టెంబరు 1 నాటికి సర్వీసులో ఉన్న అర్హులు, పరిమితి మీద కాక అసలు జీతం మీద పెన్షను కోరుకోవడానికి వీలు కలిగింది. దానికి యాజమాన్యం వారు, పథకం మొదలైన 1995 నవంబరు 16 నుంచి గానీ, ఉద్యోగి ఆ తరువాత చేరితే చేరిన నాటి నుంచి గానీ, నెలనెలా జీతమెంతో చూపాలి. ఒకప్పుడు పెన్షను లెక్కకు జీతం పరిమితి 5000 రూపాయలు, 2001 జూన్ నుంచి 6500. అసలు జీతం ఎంతో ఎక్కువ తీసుకున్న వారికి ఆ నెలసరి వివరమే ఆధారం. సరిగ్గా 1995 నుంచి 2004 వరకూ ఉన్న ఆ వివరమే మన కొత్త కంప్యూటరులో లేదు.

పర్సనల్ సెక్షన్‌లోని అబ్బాయి నాకు ఫోను చేసి, "సార్, అల్మారాలో తొమ్మిది క్యాసెట్లున్నాయి, ఏం చెయ్యాలో తెలియడం లేదు" అన్నాడు. ఆ క్యాసెట్లు పట్టే యంత్రం ఎక్కడా దొరకలేదు. చివరికి ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర దొరికింది. ఏడు క్యాసెట్లు చదివింది. 1998-99, 2000-01 సంవత్సరాలవి రెండూ చదవలేదు. చదివిన ఏడింటిలోనూ పిచ్చి గీతలే. నేను అప్పగించిన నోటు పుస్తకం ఆఫీసులో లేదు. రసీదు మాత్రం నా దగ్గర ఉంది! అదృష్టవశాత్తు అంతకుముందు రాసుకున్న చిత్తు ప్రతి మా ఇంట్లో అటక మీద ఉంది. దాన్ని పెట్టుకుని ఆ అబ్బాయీ నేనూ పదకొండు రోజులు కూర్చుని ఏడేళ్ల జీతాలు వరుసలో పెట్టాం. మొదటి పేరు ఎదురుగా మూల వేతనం సరిగ్గా పడినప్పుడు ఆ అబ్బాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మిగిలిన రెండేళ్లకు స్టోర్సు గదిలోని అచ్చు వేజ్ షీట్లు వెతికాం. 24 నెలల్లో 15 నెలలవి దొరికాయి. తక్కినవి చెదలపాలు. ఇక ఎవరి స్లిప్పులు వారే తేవాలన్నారు. మెషీన్ షాపులో పనిచేసిన మిత్రుడొకరు ఇల్లాలిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ దిండు గలీబు ఒకటి బల్ల మీద పెట్టి విప్పారు. నిండా పే స్లిప్పులే, ఏడాది ఏడాదికీ దారం కట్టి. "మీ కంప్యూటరు దాచలేదు గానీ అన్నయ్యగారూ, నేను దాచాను" అన్నారు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. స్లిప్పులు దొరకని వారి పేర్ల ఎదురుగా ఆ తొమ్మిది గళ్లూ ఖాళీగానే పంపవలసి వచ్చింది. ఆ ఖాళీ గళ్లు చూసినప్పుడల్లా 2004లో పెట్టిన సంతకం కళ్ల ముందు కదిలేది.

మన దేశంలో 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం ఏడో సెక్షనులో దీనికి మంచి మాట ఒకటుంది. ఎలక్ట్రానిక్ రూపంలో రికార్డు ఉంచితే, అది తరువాత చూసుకోవడానికి అందుబాటులో ఉండాలి, మొదట పుట్టిన రూపంలోనో దాన్ని యథాతథంగా చూపే రూపంలోనో ఉండాలి అని. అంటే ఉంచడం చాలదు, చదవగలగాలి. మన అల్మారాలోని క్యాసెట్లు ఉంచడమే అయ్యాయి. అలాగని అన్నీ శాశ్వతంగా ఉంచమని నేను అనడం లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మరో చట్టం ఉంచమంటే తప్ప పని తీరిన సమాచారాన్ని తుడిచెయ్యాలనే సూత్రం పెట్టింది. పని ఎప్పుడు తీరింది అన్నదే ప్రశ్న. జీతం విషయంలో, ఆ మనిషీ ఆయన మీద ఆధారపడిన కుటుంబమూ పెన్షను అందుకుంటున్నంత కాలం పని తీరలేదనే నా అభిప్రాయం.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, అదే ఘట్టం మళ్లీ నడుస్తోంది. 2015లో ఎస్.ఎ.పి. వారు ఎస్/4 హానా అనే కొత్త పద్ధతి తెచ్చారు. అది లెక్కలను డిస్కు మీద కాక కంప్యూటరు జ్ఞాపకశక్తిలోనే ఉంచుకుని పనిచేస్తుంది. ఆ జ్ఞాపకశక్తి ఖరీదైనది కనుక పాతవి ఎంత తక్కువ తెస్తే అంత మంచిదనుకుంటారు. వెనుకటి పద్ధతికి మామూలు నిర్వహణ 2027 ఆఖరు వరకే అని ప్రకటించారు. అందువల్ల ఎన్నో సంస్థల్లో మా కమిటీ లాంటి కమిటీలు కూర్చుంటున్నాయి. మన సభ్యుల పిల్లల్లో కొందరు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఆ పనే చేస్తున్నారు. వారు ఫోను చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. పాత లెక్క ఎక్కడ పెడుతున్నారు? దాన్ని చదివే వివరం దానితో పాటే పెడుతున్నారా? ఏడాదికొకసారైనా ఎవరైనా తెరిచి చదివి చూస్తున్నారా? మూడో ప్రశ్నకు అవునని జవాబు వస్తే తక్కిన రెండూ వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇక మన మట్టుకు మనం చెయ్యదగ్గది కూడా ఉంది. ఎవరి ఇంట్లోనైనా పాత పే స్లిప్పులు, పి.ఎఫ్. వార్షిక చీటీలు, ఇంక్రిమెంటు ఉత్తర్వులు ఉంటే చిత్తు కాగితాల వాడికి వెయ్యకండి. వాటిలో ఏముందో ఇంటి వారికి చెప్పి ఉంచండి. నా లేఅవుట్ల చిత్తు ప్రతికి రెండు నకళ్లు తీయించాను. ఒకటి ఆఫీసులో ఇచ్చాను, రెండోది మన సంఘం బీరువాలో పై అరలో ఉంది. నీలం అట్ట. కావలసిన వారు కార్యదర్శి గారిని అడిగి చూడవచ్చు. ఈసారి రసీదు అక్కరలేదన్నాను గానీ, ఆయన రాసి ఇచ్చారు.