స్కిజోఫ్రెనియా: కాలంతో పాటు మెదడులో మార్పులు

స్కిజోఫ్రెనియా అంటే దయ్యం పట్టడం కాదు, మెదడుకు సంబంధించిన జబ్బు. 1976లో బ్రిటన్‌లో ఈవ్ జాన్‌స్టోన్ బృందం సీటీ స్కాన్ తీసి చూడగా, దీర్ఘకాల రోగుల మెదడులో ద్రవం ఉండే గదులు మామూలు కంటే పెద్దవిగా కనిపించాయి. తర్వాతి ఎంఆర్ఐ పరిశోధనల్లో నుదుటి వెనుక, కణతల వైపు భాగాల్లో మెదడు కణజాలం కొద్దికొద్దిగా తగ్గుతున్నట్టు తేలింది. జబ్బు మొదలైన తొలి ఏళ్లలోనే ఈ తగ్గుదల ఎక్కువ. అయితే అందరిలో ఒకేలా ఉండదు. స్కాన్ ఒక్కటే చూసి జబ్బు ఉందని చెప్పలేరు.

2013లో అమెరికాలోని అయోవాలో నాన్సీ ఆండ్రియాసెన్ బృందం ఏళ్ల తరబడి రోగులను గమనించి ఫలితాలు వెల్లడించింది. జబ్బు తిరగబెట్టి ఎక్కువ కాలం ఉన్నవారిలో నష్టం ఎక్కువగా కనిపించింది. మందుల మోతాదు పెరిగినా కొంత తగ్గుదల ఉంది. అందుకే మందులు సొంతంగా ఆపేయొద్దు. ఎంత మోతాదు సరిపోతుందో డాక్టరే తేల్చాలి.