నేల మీద నుంచి ఆకాశాన్ని కాచిన పైలట్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు బడి ముచ్చట్లే రాద్దామనుకున్నాను. కానీ కోటగిరికి వచ్చినప్పుడల్లా తోటివాళ్లు అడిగే ఒక ప్రశ్నకు ఇన్నేళ్లుగా నేను సరిగా జవాబు చెప్పలేదు. "విమానం నడపనోనివి, ఎయిర్‌పోర్టుల ఏం కొలువు చేసినవ్‌రా?" అని అడుగుతారు. నవ్వి ఊరుకునేవాణ్ని. ఆ జవాబు ఈ సంచికలోనే చెబుతాను. అయితే నా కథగా కాదు, నాకు ధైర్యమిచ్చిన ఒక మనిషి కథగా.

పైలట్ కావాలన్నది నా కోరిక. కంటి పరీక్షలో తప్పాను. ఆ తర్వాత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో ఉద్యోగం వచ్చింది. అలహాబాద్ దగ్గర బమ్రౌలీలో శిక్షణకు వెళ్లిన మొదటి రోజుల్లో, ఇది ఓడిపోయినవాడికి దొరికిన కొలువు అనే బాధ లోపల ఉండేది. అప్పుడే ఎల్వుడ్ కెసాడా అనే అమెరికన్ సైనిక పైలట్ గురించి చదివాను.

ఆయన 1904లో వాషింగ్టన్‌లో పుట్టారు. 1929 జనవరి 1 నుంచి 7 వరకు 'క్వశ్చన్ మార్క్' అనే విమానం నేలకు దిగకుండా 150 గంటలకు పైగా కాలిఫోర్నియా ఆకాశంలో తిరిగింది. మరో విమానం పైనుంచి గొట్టం జారవిడిచి ఇంధనం నింపేది. ఆ అయిదుగురి బృందంలో కెసాడా ఒకరు. బరువు తగ్గించడానికి రేడియో పెట్టుకోలేదు. మరి కింది నుంచి కబురు ఎలా చేరింది? ఒక చిన్న యుద్ధ విమానానికి నల్లరంగు పూసి, దాని పక్క మీద సుద్దముక్కతో రాసి, వీళ్ల పక్కనే ఎగిరించేవారు. మన తరగతి గదిలోని నల్లబల్లే ఆకాశంలోకి ఎక్కిందన్నమాట.

15 ఏళ్ల తర్వాత, 1944లో, అదే కెసాడా నార్మండీలో యుద్ధ విమానాల దళానికి అధిపతి. ఆ జూలైలో ఆయన చేసిన పని యుద్ధ చరిత్రలో నిలిచింది. ముందు నడిచే ట్యాంకుల్లో వీహెచ్ఎఫ్ రేడియోలు పెట్టించి, వాటి దగ్గర పైలట్లనే కూర్చోబెట్టారు. కింద ఉన్న పైలట్ పైనున్న పైలట్‌తో వాళ్ల భాషలోనే మాట్లాడి దారి చూపేవాడు. శత్రు విమానాలను పసిగట్టడానికి తెచ్చిన రాడార్‌ను, సొంత విమానాలను లక్ష్యం దాకా నడిపించడానికి కూడా వాడారు. పైలట్ ఎంత మొనగాడైనా, నేల మీద నుంచి చూసే ఒక కన్ను, చెప్పే ఒక గొంతు అతనికి కావాలన్నది అక్కడ రుజువైంది. ఆ రోజుల్లోనే సేనాధిపతి ఐసెన్‌హోవర్‌ను యుద్ధ విమానంలో వెనక కూర్చోబెట్టుకుని యుద్ధరంగం మీద తిప్పి చూపించారు కూడా.

ఆ ఐసెన్‌హోవరే తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యారు. 1956 జూన్ 30న లాస్ ఏంజిలిస్ నుంచి మూడు నిమిషాల తేడాతో బయలుదేరిన రెండు ప్రయాణికుల విమానాలు గ్రాండ్ కాన్యన్ మీద ఢీకొని 128 మంది చనిపోయారు. రెండూ 21,000 అడుగుల ఎత్తులోనే ఉన్నాయి. ఇద్దరు పైలట్లూ ఒకే రేఖను 10 గంటల 31 నిమిషాలకు దాటుతామని కింద చెప్పారు. ఆ సమాచారం కంట్రోలర్ దగ్గరికి చేరింది కూడా. కానీ అది నియంత్రణ లేని ఆకాశం. అక్కడ ఎవరి కళ్లు వాళ్లకే దిక్కు, హెచ్చరించే బాధ్యత కంట్రోలర్‌కు నిబంధనల ప్రకారం లేదు.

మన వైపు వాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. బాపు చెరకు బండి కట్టుకుని శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి పోయే రోజుల్లో, ఇరుకైన కాలువ గట్టు మీద రెండు బండ్లు ఎదురుపడితే ఒకరు దిగి ఎడ్లను వెనక్కి నడిపించేవారు. గాలిలో విమానం ఆగలేదు, వెనక్కి నడవలేదు. అందుకే ఎదురుపడక ముందే ఎవరో ఒకరు చూసి చెప్పాలి.

1958లోనూ రెండుసార్లు సైనిక జెట్‌లు ప్రయాణికుల విమానాలను ఢీకొన్నాయి. సైన్యానిది ఒక ఆకాశం, పౌరులది ఒక ఆకాశం అన్నట్టు నడిస్తే లాభం లేదని తేలింది. ఆ ఆగస్టు 23న కొత్త చట్టం వచ్చింది. నవంబర్ 1న ఫెడరల్ ఏవియేషన్ ఏజెన్సీకి కెసాడా మొదటి అధిపతి అయ్యారు. ఆ పదవిలో ఉండేది పౌరుడే కావాలని చట్టం చెప్పింది. దానికోసం ఆయన తన సైనిక హోదాను వదులుకున్నారు. ఎగురుతున్నప్పుడు సిబ్బంది సీట్లు వదలకూడదన్న నియమాన్ని గట్టిగా అమలు చేశారు. 60 ఏళ్లు నిండినవారు ప్రయాణికుల విమానాలు నడపరాదన్నారు. తోటి పైలట్లకే ఆయన మీద కోపం వచ్చింది, వాళ్ల సంఘం కోర్టుకు కూడా పోయింది. ఆయన వెనక్కి తగ్గలేదు.

అయినా 1960 డిసెంబర్ 16న న్యూయార్క్ మీద మరో రెండు విమానాలు ఢీకొని, నేల మీద ఉన్నవారితో కలిపి 134 మంది పోయారు. ఒక చట్టంతో, ఒక మనిషితో ముగిసే పని కాదిది. కెసాడా 1961లో పదవి విడిచారు, 1993లో కన్నుమూశారు.

ఆయన పోయిన మూడేళ్లకు మన దేశానికే ఆ పాఠం వచ్చింది. 1996 నవంబర్ 12 సాయంత్రం. నేను వేరే ఊళ్లో డ్యూటీలో ఉన్నాను. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. దిగుతున్న కజకిస్తాన్ విమానాన్ని 15,000 దగ్గర ఆగమన్నారు. ఆ రెండో విమానం తనకిచ్చిన ఎత్తు కంటే కిందికి దిగింది. చర్ఖీ దాద్రీ మీద రెండూ ఢీకొన్నాయి. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఢిల్లీ రాడార్ తెర మీద అప్పుడు చుక్కలే కనిపించేవి, వాటి ఎత్తు కనిపించేది కాదు. ఆకాశంలో చాలా భాగం వాయుసేన కింద ఉండటంతో వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకటే దారి. జస్టిస్ లాహోటీ విచారణ తర్వాత దారులు వేరయ్యాయి, ఎత్తు చూపే రాడార్ వచ్చింది, ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే పరికరం విమానాల్లో తప్పనిసరి అయింది. ఆ రాత్రి మా గదిలో ఎవరూ అన్నం ముట్టలేదు. కంట్రోలర్ తప్పు లేదని తర్వాత తేలినా, ఆ కుర్చీలో ఉన్నది నేనే అయితే అన్న ఆలోచన రిటైర్ అయ్యేదాకా నన్ను వదల్లేదు.

మా పనిలో ఒక నియమం ఉంది. మేము చెప్పిన ఎత్తును పైలట్ అక్షరం పొల్లు పోకుండా తిరిగి చెప్పాలి. సరిగా చెప్పాడో లేదో మేము చెవిపెట్టి వినాలి. దీన్ని నేను బమ్రౌలీలో కొత్తగా నేర్చుకోలేదు. మన బడిలో లెక్కల సారు ఎక్కాలు ఒప్పజెప్పించుకునేవారు గుర్తుందా? పదమూడో ఎక్కంలో ఒక్క అంకె తప్పినా మళ్లీ మొదటి నుంచి చెప్పించేవారు. మనం చెబుతుంటే కళ్లు మూసుకుని వినేవారు. నిద్రపోతున్నారనుకుని తప్పు చదివిన వీపులు మనలో చాలానే ఉన్నాయి.

మిత్రులారా, మీ ప్రశ్నకు ఇదీ నా జవాబు. నేను విమానం నడపలేదు. నడిపేవాళ్లు చెప్పింది విన్నాను, విన్నది సరిచూశాను, వాళ్లను ఒకరికొకరిని దూరంగా ఉంచాను. అంత పెద్ద యోధుడు నేల మీదికి దిగి చేసిన పని ఇదే అని తెలిశాక, కంటి పరీక్షలో తప్పానన్న సిగ్గు నాకు పోయింది. మన బడి పిల్లల్లో ఎవరికైనా కోరుకున్న సీటు దొరకకపోతే, ఈ నాలుగు మాటలు వాళ్లకు చెప్పండి.