ఒలేతా తెలుసు, చుండూరు తెలియదు

విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పే స్నేహితుడు పోయినేడాది నన్నొక గంట క్లాసు తీసుకోమన్నాడు. సబ్జెక్టు: హేట్ క్రైమ్స్, వాటికి సమాజాలు ఎలా స్పందిస్తాయి. నేను చదివింది ఇంజినీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చరిత్ర పుస్తకాలు చదివే అలవాటు ఉందన్న ఒక్క ధైర్యంతో సరేనన్నాను.

క్లాసులో మొదట, "హేట్ క్రైమ్ అంటే మీకు గుర్తొచ్చే ఒక సంఘటన చెప్పండి" అని అడిగాను. రెండు మూడు గొంతులు ఒకేసారి శ్రీనివాస్ కూచిభొట్ల పేరు చెప్పాయి. ఆశ్చర్యమేమీ లేదు. కృష్ణా జిల్లాలో అమెరికాలో ఎవరూ లేని ఇల్లు వెతుక్కోవాలి. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతా ఊళ్ళో, ఆఫీసయ్యాక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్లను ఒక తెల్లవాడు ముందు నోటికొచ్చినట్టు తిట్టాడు. బయటికి పంపిస్తే తుపాకీతో తిరిగొచ్చి, మా దేశంలోంచి పొండి అని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, స్నేహితుడు గాయపడ్డాడు. ఇయాన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ళ కుర్రాడు కాల్చినవాడి వెంటపడి తనూ తూటా తిన్నాడు. ఆ వారం ఇక్కడ ప్రతి ఇంట్లోంచీ ఒక ఫోన్ కాల్ అమెరికాకు వెళ్ళే ఉంటుంది.

"మరి చుండూరు?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. చివరి బెంచీలోంచి ఒకమ్మాయి, "తెనాలి అవతల స్టేషన్ కదా సార్" అంది. నిజమే. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే లైన్లో తెనాలి దాటాక వస్తుంది. కాలేజీ నుంచి యాభై కిలోమీటర్లు కూడా ఉండదు.

బోర్డు మీద రెండు నిలువు గీతలు గీశాను. ఒకవైపు ఒలేతా, ఒకవైపు చుండూరు. పక్కన ఐదు ప్రశ్నలు రాశాను. మనిషిని దేన్ని బట్టి ఎంచుకున్నారు? అంతకుముందు ఏం జరిగింది? చట్టం ఏం చేసింది? దెబ్బతిన్నవాళ్ళు ఏం చేశారు? కొట్టినవాళ్ళ వైపు మనుషులు ఏం చేశారు?

చుండూరు గడులు నింపాలంటే ఇంకాస్త వెనక్కి పోవాలి. 1968 ఫిబ్రవరిలో, విజయవాడకు ఇటుపక్క హైదరాబాదు రోడ్డు మీదున్న కంచికచర్లలో, ఇత్తడి సామాను దొంగిలించాడన్న నెపంతో కోటేశు అనే దళిత యువకుణ్ణి కట్టేసి సజీవంగా తగలబెట్టారు. ఇప్పుడు మనం అక్కడ హైవే మీద టీ తాగి వస్తుంటాం. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చింది, చట్టసభల్లో గొడవ జరిగింది. చేతిలో ఉన్న చట్టం 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం ఒక్కటే. గుడిలోకి రానివ్వకపోవడం, బావి తాకనివ్వకపోవడం లాంటివి అందులో ఉన్నాయి గానీ, కులం చూసి మనిషిని చంపడానికి వేరే పేరు లేదు. దెబ్బతిన్నవాళ్ళకు రాష్ట్రమంతా వెనక నిలబడే సంఘమూ లేదు.

పదిహేడేళ్ళ తర్వాత, అదే చెన్నై లైన్లో చీరాలకు దగ్గర్లో కారంచేడు. మాదిగపల్లె తాగునీళ్ళ చెరువు దగ్గర అగ్రకులపు కుర్రాళ్ళు గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఒక దళితుడు వద్దన్నాడు. అతన్ని కొట్టబోతే నీళ్ళకొచ్చిన ఒక స్త్రీ బిందె ఎత్తి అడ్డుపడింది. మర్నాడు, 1985 జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు.

పిల్లలకు నేను ఎక్కువసేపు చెప్పింది ఆ తర్వాతి సంగతి. బతికినవాళ్ళు ఊరొదిలి చీరాల వెళ్ళి చర్చి ఆవరణలో శిబిరం పెట్టుకున్నారు. సర్ది చెప్పి వెనక్కి పంపాలని చూసినా తిరిగి వెళ్ళం అన్నారు. డెల్టాలో వ్యవసాయ కూలీ ఊరొదిలి వెళ్ళిపోవడం అంటే తన పనిని తన చేతుల్లోకి తీసుకోవడం. పొన్నూరులో సంస్కృతం పాఠాలు చెప్పే కత్తి పద్మారావు, హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా చేసి వచ్చిన బొజ్జా తారకం ముందు నిలిచారు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. కేసు మాత్రం 2008 డిసెంబరు దాకా సాగింది. సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు వేసింది.

1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమల్లోకొచ్చింది. అందులో నేరాల జాబితాలో ఒకటి: ఎస్సీలు, ఎస్టీలు వాడుకునే నీటి వనరును పాడుచేయడం. దీన్ని బోర్డు మీద రాసి, కారంచేడు చెరువు గురించి ఇందాక చెప్పింది గుర్తుచేశాను. ఒకబ్బాయి, "అంటే బకెట్టు కడగడం కూడా నేరమేనా సార్" అన్నాడు. ఎవరి నీళ్ళల్లో, ఏ ధైర్యంతో కడిగారన్నది చూడాలి అన్నాను.

ఇక చుండూరు. 1991 జూలైలో సినిమా హాల్లో, చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో అగ్రకుల యువకుడికి తగిలింది. అంతే. ఆ తర్వాత దళితులకు పనులు ఆపేశారు, వెలివేశారు. రైల్వేలో ఉద్యోగాలు చేసేవాళ్ళు, డిగ్రీలు చదివినవాళ్ళు ఉన్న పేట అది. కడుపు మాడ్చి లొంగదీయడం కుదరలేదు. ఆగస్టు 6న, ఊళ్ళో పోలీసులు ఉండగానే, పొలాల్లో తరిమి ఎనిమిది మందిని నరికారు. కొన్ని శవాలను గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు.

ఈసారి చట్టం ఉంది. బాధితులు దాన్ని చదువుకున్నారు. చనిపోయినవాళ్ళను చుండూరులోనే పూడ్చి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ప్రత్యేక న్యాయస్థానం ఎక్కడో కాదు, మా ఊళ్ళోనే పెట్టాలన్నారు. మేం నమ్మిన లాయరే ప్రాసిక్యూటరుగా ఉండాలన్నారు. రెండూ సాధించారు. పౌరహక్కుల న్యాయవాది బి. చంద్రశేఖర్ వాళ్ళ తరఫున వాదించారు. సాక్షులు తమ ఊళ్ళో, నిందితుల ముందు నిలబడి చెప్పారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఒలేతా గడిలో మాత్రం కాల్చినవాడికి ఏడాదిన్నర లోపే రాష్ట్ర కోర్టులోనూ ఫెడరల్ కోర్టులోనూ యావజ్జీవం పడిందని రాశాం. ఆ రెండు గడులూ చూసి పిల్లలు చాలాసేపు ఏమీ అనలేదు.

చుండూరులో హత్యలకు నెల ముందే వెలి మొదలైంది. ఆ వెలిని, అంటే సాంఘిక బహిష్కరణను, చట్టం తిన్నగా పేరు పెట్టి నేరం అన్నది 2015 సవరణలో. అది అమల్లోకొచ్చింది 2016 జనవరి 26న. ఒక నెల జరిగినదానికి పేరు పెట్టడానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

చివరి ప్రశ్న మిగిలింది. ఒలేతా వైపు సులభంగానే నిండింది. అడ్డుపడినవాడు ఆ దేశపు తెల్లవాడే. ఊళ్ళో వాళ్ళు కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. హ్యూస్టన్‌లోని భారతీయులు ఇల్లు కొనుక్కోమని గ్రిల్లట్‌కు లక్ష డాలర్లిచ్చారు. ద్వేషం అక్కడ ఆగిపోలేదు గానీ, ఇది మా ఊళ్ళో మావాడు చేసిన పని అని అనగలిగినవాళ్ళు కనిపించారు. చుండూరు వైపు గడిలో నిజనిర్ధారణకు వెళ్ళిన పౌరహక్కుల వాళ్ళ గురించి రాశాను. వాళ్ళంతా బయటినుంచి వచ్చినవాళ్ళు. ఆ చుట్టుపక్కల పొలాలున్న కుటుంబాల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇందాకటి అమ్మాయే అడిగింది. "సార్, మీదే ఊరు?"

నేను పుట్టింది విజయవాడలోనే. మా అమ్మమ్మగారి ఊరు తెనాలి పక్కన, పొలాలున్న ఇల్లు. చుండూరుకు దూరం కాదు. 1991లో నాకు మూడేళ్ళు. పెద్దయ్యాక మా ఇంట్లో ఆ మాట విన్నది ఒకే ఒక్క రూపంలో: "చుండూరు గొడవ." గొడవ అంటే రెండు చేతులూ ఉన్నట్టు. శ్రీనివాస్ చనిపోయినప్పుడు మా ఇంట్లో ఎవరూ "ఒలేతా గొడవ" అనలేదు. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. మా తాతయ్య ఏం చేశాడో తెలియదన్నాను. గంట కొట్టారు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. "ఇప్పుడవన్నీ ఎందుకురా పిల్లలకి" అంది ముందు. కాసేపాగి తనే చెప్పింది. ఆగస్టు నెల, ఊడ్పుల రోజులు. ఆ మర్నాడు మా పాలేరు పనికి రాలేదట. పేటలో ఇంకెవరూ కూడా రాలేదట. నారు ఎండిపోతోందని తాతయ్య రోజంతా వాళ్ళను తిడుతూనే ఉన్నాడట.

"ఇంకేం అనలేదా?"

"లేదురా. మూడో రోజు కబురు పంపించాడు, ఎప్పుడొస్తావని."

వచ్చే ఏడాది కూడా రమ్మన్నాడు నా స్నేహితుడు. ఆ ఖాళీ గడిలో ఈసారి ముందు ఇది రాస్తాను.