శ్రీసిటీ గేటు దాకా వెళ్లాం, ఆర్డరు దాకా వెళ్లేదెలా? చాంబర్ ఆఫ్ కామర్స్ చేసే పని, అందులో మన చోటు

సత్యవేడు పక్కన ఏఏ వాడ కుర్రాడు ఒకడు ఫైనాన్సులో రెండు వ్యాన్లు కొన్నాడనుకుందాం. తెల్లవారకముందే శ్రీసిటీ వైపు వెళ్లే కంపెనీ బస్సులు వాళ్ల వాడ ముందు నుంచే పోతాయి. ఆ బస్సు ఎక్కేవాళ్లలో వాడి చెల్లెలు కూడా ఉంటుంది. తన వ్యాన్లు కూడా ఏదో ఒక కంపెనీకి పెట్టాలని వాడి ఆశ. ఎవరిని అడగాలి? గేటు దగ్గర సెక్యూరిటీని అడిగితే హెచ్‌ఆర్ వాళ్లను కలవమంటారు. హెచ్‌ఆర్‌కు ఫోన్ చేస్తే ట్రాన్స్‌పోర్ట్ మొత్తం ఒక వెండర్‌కు ఇచ్చేశామంటారు. ఆ వెండర్ కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుంది, మళ్లీ కొటేషన్లు ఎప్పుడు పిలుస్తారు, ఏ కాగితాలు ఉండాలి, ఏ మేనేజర్ సంతకం పెడతాడు? ఈ నాలుగు ముక్కలూ తెలిసినవాడు ఆ సమయానికి ఏదో హోటల్ హాల్లో కొనుగోలు మేనేజర్ పక్క కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటాడు. ఆ హాల్లో జరిగే సమావేశం చాలాసార్లు ఒక చాంబర్ ఆఫ్ కామర్స్‌ది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ హాలు గురించే. అక్కడ ఏం జరుగుతుంది, ఎవరికి పనికొస్తుంది, మనవాళ్లు దాన్ని ఎలా వాడుకోవచ్చు అన్నది.

ముందు శ్రీసిటీ సంగతి. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో, తడకు దగ్గరగా, చెన్నైకి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో జాతీయ రహదారి 16ను ఆనుకుని ఉన్న పారిశ్రామిక నగరం ఇది. 2008లో మొదలైంది. అప్పుడు చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. ఇసుజు, ఆల్‌స్టామ్, డైకిన్, కోబెల్కో, మాండలీజ్, కోల్గేట్, పెప్సీకో లాంటి కంపెనీలు ఇక్కడ ఉన్నాయి. ఫాక్స్‌కాన్ 2015లో ఇక్కడ ఫోన్ల తయారీ మొదలుపెట్టినప్పుడు లైన్ల మీద నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలే. ఇంకో సంగతి. సత్యవేడు ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ నియోజకవర్గం. తడ ఉన్న సూళ్లూరుపేట కూడా అంతే. ఈ రెండూ ఉన్న తిరుపతి లోక్‌సభ స్థానం కూడా ఎస్సీ రిజర్వుడే. చట్టసభల్లో మన కుర్చీ రాజ్యాంగం ఖాయం చేసిన చోట, కంపెనీ వెండర్ జాబితాలో మన కుర్చీ ఖాయం చేసే చట్టం ఏదీ లేదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు, ప్రైవేటు కొనుగోళ్లలో అసలే లేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. అందులో ‘స్థానికుడు’ ఉన్నాడు గానీ, ఆ స్థానికుడు ఊరివాడా వాడవాడా అన్న ప్రశ్న లేదు. పైగా అది ఉద్యోగాల చట్టం, ఆర్డర్ల చట్టం కాదు.

చట్టం లేని చోట పరిచయం రాజ్యం చేస్తుంది. పరిచయాన్ని ఒక పద్ధతిలో పెట్టే సంస్థ పేరే చాంబర్.

ఈ పేరుతో మొదటి సంస్థ 1599లో ఫ్రాన్స్‌లోని మార్సే రేవులో పుట్టింది. మన వైపు మద్రాసు చాంబర్ 1836లో వచ్చింది. అది తెల్ల వర్తకుల సంఘం. అందులో తమ మాట చెల్లక భారతీయ వర్తకులు 1909లో సదరన్ ఇండియా చాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టుకున్నారు. దానికి తొలి అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. తర్వాత 1928లో తెలుగు వ్యాపారులు అదే మద్రాసులో ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ స్థాపించుకున్నారు. హైదరాబాదులో 1917లో మొదలైన చాంబర్ పేర్లు మారుతూ ఇప్పుడు తెలంగాణ ఫెడరేషన్‌గా నడుస్తోంది. ఈ రోజు చెన్నైలో జపాన్ కంపెనీలకు వాళ్ల సొంత చాంబర్ ఉంది. శ్రీసిటీలో జపాన్ కంపెనీలు చాలానే ఉన్నాయి కాబట్టి అది వాళ్లకు గంటన్నర ప్రయాణంలో అందుబాటులో ఉన్నట్టే.

అంటే లోపలికి రానివ్వని ప్రతి గుంపూ బయట సొంత సంఘం కట్టుకుంది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. తెల్లవాడి చాంబర్ ఉండగా భారతీయుడికి వేరే ఎందుకని గానీ, భారతీయుడిది ఉండగా తెలుగువాడికి వేరే ఎందుకని గానీ చరిత్ర పుస్తకాలు అడగవు. దళితుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వ్యాపారంలో కూడా కులమా’ అనే ప్రశ్న వినిపిస్తుంది.

వ్యాపారంలో కులం ఎప్పుడు లేదు? బాబాసాహెబ్ అంబేద్కర్ బరోడా నుంచి వెలివేతకు గురై బొంబాయికి తిరిగొచ్చాక, కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన మనిషి, షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. సలహా ఇచ్చేది అంటరానివాడని తెలియగానే ఖాతాదారులు రావడం మానేశారు. సంస్థ మూతపడింది. సలహాలో తప్పు ఉందని ఎవరూ అనలేదు.

ఇది వందేళ్ల నాటి మాట అనుకునేవాళ్లు రెండు లెక్కలు చూడాలి. 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఒక అధ్యయనం దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించింది. సభ్యుల్లో సుమారు 93 శాతం అగ్రకులాలవారు. ఎస్సీ, ఎస్టీలు ఇద్దరూ కలిసి 3.5 శాతం. రెండోది ప్రభుత్వ లెక్కే, 2015-16 జాతీయ నమూనా సర్వే. దేశంలోని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల్లో ఎస్సీలవి 12.45 శాతం. జనాభాలో మన వాటా 16.6 శాతం కాబట్టి ఇది మరీ తక్కువేం కాదనిపిస్తుంది. విడగొట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. సూక్ష్మ పరిశ్రమల్లో 12.48 శాతం, చిన్న పరిశ్రమల్లో 5.50 శాతం, మధ్యతరహాలో 0.00. కిరాణా బంకు, కుట్టు మిషను, చెప్పుల దుకాణం దాకా వస్తున్నాం. పెద్ద కంపెనీకి విడిభాగాలు సరఫరా చేసే షెడ్డు దాకా వెళ్లడం లేదు. మధ్యలో తెగిన మెట్టు అదే.

ఆ మెట్టు దగ్గర చాంబర్ ఏం చేస్తుంది? ఒకటి, సమాచారం. ఏ కంపెనీ విస్తరిస్తోంది, ఏ సరుకు బయట కొంటోంది, నాణ్యత సర్టిఫికెట్ ఏది అడుగుతోంది అన్నది ఆర్డరు బయటికి రాకముందే సభ్యులకు తెలుస్తుంది. కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టే సమావేశాలు జరుపుతుంది. ఎగుమతిదారుకు సరుకు ఫలానా దేశంలో తయారైందని ధృవపత్రం ఇస్తుంది, దానికి ప్రభుత్వం అధికారం ఇచ్చిన చాంబర్లు ఉన్నాయి. బడ్జెట్‌కు ముందు వినతిపత్రం ఇస్తుంది, పారిశ్రామిక విధానం రాసే కమిటీలో కుర్చీ సంపాదిస్తుంది. బకాయి తగాదాల్లో మధ్యవర్తిత్వం నెరుపుతుంది. జర్మనీలో 1956 చట్టం ప్రకారం దాదాపు ప్రతి వ్యాపారీ చాంబర్‌లో సభ్యుడై తీరాలి, పనినేర్చుకునే కుర్రాళ్లకు పరీక్షలు పెట్టేది కూడా చాంబర్లే. మన దగ్గర సభ్యత్వం ఐచ్ఛికం. ఫీజు కట్టాలి, చాలాచోట్ల పాత సభ్యుడొకరు సిఫారసు చేయాలి. ఈ రెండో షరతు చూడ్డానికి చిన్నదే. మన కుర్రాడికి ఆ సిఫారసు చేసే పెద్దమనిషి ఎవరున్నారు?

ఈ ప్రశ్నకు సమాధానంగానే 2005లో మిలింద్ కాంబ్లే పుణెలో దళిత్ ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ, మనవాళ్లు ‘డిక్కీ’ అనేది, స్థాపించారు. ఆలోచనకు బలం 2002 జనవరి భోపాల్ సదస్సు నుంచి వచ్చింది. ప్రభుత్వ కొనుగోళ్లలో దళితులకు వాటా కావాలని అక్కడే గట్టిగా అడిగారు. అమెరికాలో నల్లజాతివారి వ్యాపార సంఘాన్ని బుకర్ టి. వాషింగ్టన్ 1900లోనే మొదలుపెట్టారు. పెద్ద కంపెనీల సరఫరాదారుల్లో మైనారిటీలను చేర్చే జాతీయ మండలి అక్కడ 1972లో వచ్చింది. భోపాల్ ఆ అనుభవాన్ని చూసింది. డిక్కీని ముందుకు నడిపినవారిలో హైదరాబాదుకు చెందిన నర్రా రవికుమార్ ఉన్నారు. ఆయన 2014లో పద్మశ్రీ అందుకున్నారు, తర్వాత సంస్థకు జాతీయ అధ్యక్షుడయ్యారు.

ఇలాంటి ఒత్తిడి పనిచేసిందనడానికి సాక్ష్యం 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం. కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే కొనాలి. ఆచరణలో కొనుగోళ్లు ఆ లక్ష్యానికి చాలా దూరంగా ఉండిపోయాయి. సాకు ఎప్పుడూ ఒకటే: సరఫరా చేసేవాళ్లు దొరకలేదు. దొరికేలా చూపించే పని చాంబర్‌ది. 2016 అక్టోబర్‌లో మొదలైన జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ ఉద్దేశం కూడా అదే. ఆ హబ్ కింద యంత్రాల కొనుగోలుపై 25 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల సబ్సిడీ ఉంది. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన స్టాండప్ ఇండియా, ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పు ఇవ్వాలని చెప్పింది.

ఇక్కడ శ్రీసిటీ చుట్టుపక్కల వాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. శ్రీసిటీ కంపెనీలకు 4 శాతం నిబంధన వర్తించదు, అవి ప్రైవేటువి. కానీ తడ నుంచి సూళ్లూరుపేట మీదుగా వెళితే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉంది. అది కేంద్ర ప్రభుత్వ శాఖ. తిరుపతి పక్కన రైల్వే కోచ్‌ల మరమ్మతు కర్మాగారం ఉంది. అదీ కేంద్రానిదే. మొదటి ఆర్డరు అక్కడ సంపాదిస్తే, ఆ అనుభవ పత్రం చేతిలో పట్టుకుని ప్రైవేటు కంపెనీ కొనుగోలు విభాగం ముందు కూర్చోవచ్చు. దారి కొంచెం చుట్టే, కానీ ఉన్న దారి.

ప్రైవేటు కంపెనీలకు ఏ బాధ్యతా లేదా అంటే, వాళ్లు స్వయంగా ఇచ్చుకున్న మాట ఒకటుంది. ప్రైవేటు రిజర్వేషన్ల చర్చ వేడెక్కిన 2006లో సీఐఐ, అసోచాం కలిసి జె.జె. ఇరానీ నేతృత్వంలో ఒక కార్యాచరణ ప్రకటించాయి. చట్టం వద్దు, మేమే ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ ఇస్తాం, వ్యాపారులుగా పైకి తెస్తాం అన్నది దాని సారాంశం. సంతకం పెట్టిన కంపెనీలు ఈ ప్రాంతంలో ఎన్ని, తమ వెండర్లలో దళితులు ఎందరో ఏటా చెప్పేవి ఎన్ని? స్థానిక చాంబర్ సమావేశంలో లేచి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదని మా అభిప్రాయం. ఈ వివరాలు బయటపెట్టమని అడగడానికి చట్టం అక్కర్లేదు, సభ్యత్వం చాలు.

సామాజిక బాధ్యత నిధుల కథ వేరు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 పరిధిలోకి వచ్చే కంపెనీ తన సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. బడికి బెంచీలు, ఊరికి నీళ్ల ప్లాంటు, వైద్య శిబిరం వస్తాయి. మంచిదే. నీళ్ల ప్లాంటు ఊళ్లో పెట్టారా వాడలో పెట్టారా అన్నది చూడాలి, అంతే. కానీ దానాన్నీ కొనుగోలునూ కలిపేయొద్దు. మన పిల్లకు నోటు పుస్తకాలు ఇచ్చిన కంపెనీ, మన పిల్ల తండ్రి దగ్గర చెక్క ప్యాలెట్లు కొనకపోతే, మనం ఆ కంపెనీకి ఎప్పటికీ చెయ్యి చాచేవాళ్లమే.

దళిత చాంబర్ల మీద మనవాళ్ల విమర్శ కూడా ఉంది. కొట్టిపారేయలేం. గోపాల్ గురు 2012లో దళిత కోటీశ్వరుల సంబరాన్ని ఒక తమాషా ప్రదర్శనగా చూశారు. ఆనంద్ తేల్తుంబ్డే దళిత పెట్టుబడిదారీ విధానం అనే భావననే తప్పుపట్టారు. వందమంది కోటీశ్వరులైతే కోట్లమంది కూలీల బతుకు మారదన్నది నిజం. భూమి ప్రశ్న కూడా దీని వెనకాలే ఉంది. పారిశ్రామికవాడలకు భూమి తీసుకున్న చోటల్లా డీకేటీ పట్టాల గొడవ వచ్చింది. అసైన్డ్ భూమి కోల్పోయినవాడికి కూడా పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ పరిహారం ఇవ్వాలని 2004లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. చాంబర్ ఈ అన్యాయాన్ని సరిచేయదు, కార్మిక సంఘం చేసే పనీ చేయదు. కానీ పొలం పోయిన కుటుంబంలో తర్వాతి తరం హౌస్‌కీపింగ్ యూనిఫాంలోనే ఆగిపోవాలా, ఆ యూనిఫాంలు కుట్టే యూనిట్ పెట్టుకోగలదా అన్న చోట దాని అవసరం ఉంది. రెండూ కావాలి. ఒకదాని కోసం ఇంకోదాన్ని ఆపనక్కర్లేదు.

సరిహద్దు అవతల ఏం జరుగుతోందో కూడా చూడాలి. గుమ్మిడిపూండి తడకు పక్కనే. తమిళనాడు ప్రభుత్వం 2023లో అంబేద్కర్ పేరుతో పెట్టిన పథకంలో ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు 35 శాతం పెట్టుబడి సబ్సిడీ, గరిష్ఠంగా కోటిన్నర, దాంతోపాటు వడ్డీలో 6 శాతం రాయితీ ఉన్నాయి. మన దగ్గర 2020 అక్టోబర్‌లో తెచ్చిన బడుగు వికాసం పథకం పారిశ్రామిక పార్కుల్లో ప్లాట్లలో 16.2 శాతం ఎస్సీలకు, 6 శాతం ఎస్టీలకు అంది. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారతాయి. ప్లాటు వాటా మారకుండా చూసుకోవాలంటే ఎవరో ఒకరు ప్రతిసారీ వెళ్లి అడగాలి, ఒంటరి వ్యాపారి అడిగితే వినరు.

మన వ్యాన్ల కుర్రాడి దగ్గరికి వద్దాం. ఎలాగో కాంట్రాక్టు దొరికిందనుకుందాం. బిల్లు మూడు నెలలైనా రాలేదు, ఫైనాన్స్ కంపెనీ మనిషి మాత్రం నెల తప్పకుండా వచ్చాడు. దళిత వ్యాపారాలు ఎక్కువగా ఇక్కడే కూలిపోతాయి, వెనక ఆదుకునే మేనమామల పెట్టుబడి ఉండదు కాబట్టి. 2006 చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమకు కొన్నవాళ్లు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదు వినడానికి కౌన్సిల్ ఉంది, ఆన్‌లైన్‌లో పెట్టే వీలూ ఉంది. ఒకటే షరతు: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పని మొదలుపెట్టకముందే ఉండాలి. అది ఉచితం, ఆధార్, పాన్‌లతో అయిపోతుంది. ఇంకో చిక్కు, ఒంటరిగా ఫిర్యాదు చేస్తే వచ్చే ఏడాది కాంట్రాక్టు పోతుందని భయం. పదిమంది వెండర్ల బకాయిలను ఒకే వినతిగా సంఘం పేరు మీద తీసుకెళితే ఆ భయం పలచబడుతుంది.

సంఘం పెట్టుకోవడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. 2001 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు. బైలాస్, చిరునామా, సభ్యుల సంతకాలతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దరఖాస్తు పెట్టాలి. వ్యాన్లు, టైలరింగ్, క్యాంటీన్, వెల్డింగ్, ప్యాకింగ్ పనులు చేసేవాళ్లు సత్యవేడు, వరదయ్యపాళెం, తడ మండలాల వాడల్లో ఏడుగురు దొరక్కపోరు.