సత్యజిత్ రాయ్ తొలి దశ: స్వాతంత్ర్య స్వరూపము

సత్యజిత్ రాయ్ పూర్వశిక్షణ లేకయే చిత్రరంగమున ప్రవేశించెనని కొందరి అభిప్రాయము. ఇది పరిశీలనకు నిలువదు. 1943లో కలకత్తా ప్రకటనల సంస్థలో చిత్రకారుడుగా చేరిన ఆయన, ‘పథేర్ పాంచాలి’ నవల బాలల సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేసెను. దృశ్యకల్పనకు అదియే తొలి అభ్యాసము. 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించినవారిలో ఆయన యొకడు. 1950లో లండనునందు ‘బైసికిల్ థీవ్స్’ చూచి, ప్రసిద్ధ నటులు లేకయే చిత్రము తీయవచ్చునని నిశ్చయించుకొనెను.

1952లో చిత్రీకరణ మొదలైనది. నిర్మాతలు ముందుకు రాలేదు. భార్య నగలు తాకట్టు పడినవి. పని పలుమారు నిలిచినది. తుదకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ద్రవ్యముతో 1955లో చిత్రము పూర్తియైనది. ప్రభుత్వ ద్రవ్యము గ్రహించినవానిని స్వతంత్రుడనవచ్చునా? ముగింపు మార్చవలెనన్న సూచనను ఆయన అంగీకరింపలేదు. కావున ధనము ఎవరిదన్నది కాదు, నిర్ణయము ఎవరిదన్నదియే స్వాతంత్ర్యమునకు గీటురాయి.