ధ్రువ శీతోష్ణస్థితి నమూనాల మదింపు

ఆర్కిటిక్, అంటార్కిటికాల శీతోష్ణస్థితిని కంప్యూటర్ నమూనాలు ఎంత సరిగా చూపుతున్నాయో పరిశీలనలతో పోల్చి తేల్చే పద్ధతి. ప్రధాన కొలమానం సముద్రపు మంచు. దానికి 1979 నుంచి ఉపగ్రహ రికార్డు ఉంది. ఆర్కిటిక్ సెప్టెంబరు మంచు చాలా నమూనాలు చెప్పినదానికంటే వేగంగా తరిగిందని 2007లో తేలింది. దక్షిణాన కథ తిరగబడింది: నమూనాలు తగ్గుతుందన్న మంచు 2014 దాకా కాస్త పెరిగి, 2016లో ఒక్కసారిగా పడిపోయింది.

విస్తీర్ణం సరిపోయినంత మాత్రాన నమూనా గట్టిదనలేం. తప్పులు ఒకదాన్నొకటి కప్పేసినా లెక్క కుదురుతుంది. అసలు చిక్కు మేఘాలతోనే. సున్నా డిగ్రీలకు ఎంతో దిగువన కూడా వాటిలో నీరు ద్రవంగా నిలుస్తుంది; నమూనా దాన్ని తొందరపడి మంచుగా మార్చేస్తే, చలికాలంలో ఉపరితలానికి తిరిగొచ్చే వేడి తగ్గిపోతుంది. ఇలాంటివి దగ్గరగా కొలవడానికే 2019-20లో జర్మన్ పరిశోధక నౌక పోలార్‌స్టెర్న్ కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరుక్కుని, దాంతోపాటు నెలల తరబడి కొట్టుకుపోయింది.